మెరుపును పనిలో పెట్టిన మాస్టారు – హెరాల్డ్ ఎడ్జర్టన్



ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, విశ్వేశ్వరయ్యగారి గురించి ఎవరో ఒకరు తప్పక వ్రాస్తారని తెలిసి, నేను మన లైను మనిషినే ఎంచుకున్నాను. లైను అంటే కరెంటు లైనే. అమెరికాలో పుట్టి, స్తంభాలెక్కి తీగలు సరిచేసి, ఆ తరువాత క్షణాన్ని వెయ్యో వంతుకు, పది లక్షలో వంతుకు కోసి ఫొటోలో చూపిన ఆచార్య హెరాల్డ్ ఎడ్జర్టన్ గారు. నేడు మనుమలు సెల్‌ఫోనులో తీసే ఫ్లాష్ ఫొటో చూసి ముచ్చటపడే మనలో చాలామందికి ఈయన పేరు తెలియదు. నాకూ 1989 దాకా తెలియదు. తెలిశాక నా మనసులో ఒక ముల్లు గ్రుచ్చుకున్నది. ఆ సంగతి చివర చెబుతాను.

ఎడ్జర్టన్ గారు 1903 ఏప్రిల్ 6న నెబ్రాస్కా రాష్ట్రంలోని ఫ్రీమాంట్‌లో జన్మించారు. పెరిగింది అరోరా అనే చిన్న ఊరిలో. తండ్రి న్యాయవాది. ఫొటోలు తీయడం, కడగడం నేర్పినది ఒక బాబాయి. బడి రోజుల్లో సెలవులు రాగానే అక్కడి విద్యుత్ కంపెనీలో చేరేవారు. మొదట ఊడ్వడం, తుడవడం. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల మనుషులు చాలక లైను గ్యాంగులోకి తీసుకున్నారు. గాలివానకు తెగిన తీగలు కలపడం, స్తంభాలు నిలపడం – మన హెల్పర్లు చేసిన పనే. ఈ ఒక్క కారణం చాలు, ఆయన మీద నాకు అభిమానం కలగడానికి. మా రాయపోల్‌లో కందిలి వెలుగులో చదువుకుని, తరువాత ఇదే శాఖలో చేరి స్తంభాలు లెక్కపెట్టుకుంటూ ముప్ఫై ఆరేళ్ళు గడిపినవాడిని కదా!

నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో 1925లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టా పొంది, ఒక సంవత్సరం జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసి, 1926లో మసాచుసెట్స్‌లోని సుప్రసిద్ధ సాంకేతిక విద్యాసంస్థ ఎం.ఐ.టి.కి వచ్చారు. 1928లో ఎస్తర్ గారిని వివాహమాడారు. మిగతా జీవితమంతా ఆ సంస్థతోనే ముడిపడింది. ఇక్కడే అసలు కథ మొదలవుతుంది, అది కూడా ఒక మోటారుతో.

సింక్రనస్ మోటారు సరఫరా ఫ్రీక్వెన్సీతో అడుగు కలిపి తిరుగుతుందని మనవాళ్ళకు చెప్పనక్కరలేదు. దాని మీద ఒక్కసారిగా లోడు మారితే రోటరు కాస్త వెనక్కి జారి, ఉయ్యాలలా ముందుకూ వెనక్కూ ఊగి, మళ్ళీ కుదుటపడుతుంది. ఎడ్జర్టన్ గారి పరిశోధన ఈ ఊగిసలాట మీదనే. కాని నిమిషానికి వందల చుట్లు తిరిగే రోటరులో ఆ స్వల్పమైన ఊగు కంటికి కనపడేదెలా? ప్రయోగశాలలోని పాదరసపు ఆర్క్ గొట్టం మిణుకుమిణుకుమంటూ ఉంటే, ఆ వెలుగులో తిరుగుతున్న మోటారు నిలిచిపోయినట్లు కనిపించడం ఆయన గమనించారు. మెరుపు కూడా అదే ఫ్రీక్వెన్సీతో వస్తున్నది గనుక ప్రతి మెరుపుకూ రోటరు ఒకే చోట ఉంటున్నది. కంటికి చీకటి క్షణాలు లెక్కలోకి రావు. నిలిచిన రోటరు మాత్రమే కనపడుతుంది. లోడు మారినప్పుడు ఆ నిలిచిన బొమ్మ మెల్లగా ఊగడం చూడవచ్చు. ఈ పని మీదనే సాగి 1931లో ఆయనకు డాక్టరేటు లభించింది.

ఇందులో న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. మెరుపుతో కదలికను ఆపడం ఆయన కనిపెట్టినది కాదు. విద్యుత్ నిప్పురవ్వ వెలుగులో 1851లోనే టాల్బట్ ఫొటో తీశారు. అలా కనపడే సూత్రం అంతకు ఇరవై ఏళ్ళ ముందే తెలుసు. ఎడ్జర్టన్ గారి గొప్పతనమేమంటే, ఆ మెరుపును ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు, కావలసినంత ప్రకాశంతో ఇచ్చే పనిముట్టుగా మార్చారు.

ఎలాగంటే, చెరువు నింపడం, తూము లేపడం వంటిదే. కెపాసిటరులో మెల్లగా కరెంటు నింపుతారు. జినాన్ వంటి వాయువు నింపిన గాజు గొట్టానికి ఆ కెపాసిటరును కలుపుతారు. మామూలుగా వాయువులో కరెంటు పారదు. చిన్న ట్రిగ్గర్ కాయిల్ ద్వారా వేల వోల్టుల పోటు ఇవ్వగానే వాయువుకు దారి తెరుచుకుని, నిండిన కరెంటంతా ఒక్క దూకులో కాలిపోతుంది. లెక్క వేసి చూడండి. 100 మైక్రోఫారడ్ల కెపాసిటరును 900 వోల్టులకు నింపితే అందులో ఉండే శక్తి సుమారు 40 జౌళ్ళు. అంటే 40 వాట్ల బల్బు ఒక్క సెకను వెలిగితే ఖర్చయ్యేంత, పిసరంత. దానినే సెకనులో వెయ్యో వంతులో వదిలితే ఆ క్షణానికి అది 40 కిలోవాట్లు! మన రైతుల 5 హెచ్.పి. మోటార్లు పది, పదకొండు ఒక్కసారి లాగే కరెంటు. కోపం నిలవబెట్టుకునేవారి సంగతి కూడా ఇంతేనని మా ఇంట్లో అంటుంటారు, అది వేరే విషయం.

మోటారును వదలి తక్కిన లోకం మీదికి ఆ వెలుగును తిప్పినప్పుడు ఆయనకు కీర్తి వచ్చింది. కుళాయి నీరు గాజు కడ్డీలా నిలిచింది. పాల చుక్క పళ్ళెంలో పడి కిరీటంలా లేచిన ఫొటో 1937లో న్యూయార్క్ ఆధునిక కళా ప్రదర్శనశాలలో కనిపించింది. రంగుల్లో తీసినది 1957లో. తుపాకి గుండు ఆపిల్ పండును చీల్చుకుపోయే ఫొటో 1964 నాటిది. అందులో గుండు చప్పుడే మైకు ద్వారా ఫ్లాష్‌ను వెలిగిస్తుంది. మనిషి చేయి ఆ వేగాన్ని అందుకోలేదు కదా.

ఆటల సంగతికి వద్దాం, ఎందుకంటే నేను ఆయన దగ్గరకు చేరిన దారి అదే. 1934లో వెస్లీ ఫెస్లర్ అనే ఆటగాడు ఫుట్‌బాల్‌ను తన్నిన క్షణాన్ని ఎడ్జర్టన్ గారు పట్టుకున్నారు. బూటు బంతిలోకి సగం దిగబడిపోయి ఉంటుంది. గాలి నింపిన బంతి అంత మెత్తగా లొంగుతుందని అంతవరకు కంటితో చూసినవారు లేరు. 1938లో డెన్స్‌మోర్ షూట్ అనే గోల్ఫ్ ఆటగాణ్ణి చీకటి గదిలో నిలిపి, ఒకే ఫిల్ము మీద వరుస మెరుపులతో తీశారు. చేతికర్ర విసురు మొత్తం విసనకర్ర విప్పినట్లు ఒకే బొమ్మలో కనిపిస్తుంది. ఎం.ఐ.టి.లోనే చదివిన గ్యోన్ మిలి అనే ఇంజనీరు ఆ దీపాలను అందిపుచ్చుకుని లైఫ్ పత్రికకు క్రీడాకారులను, నర్తకులను తీసి పేరు పొందాడు. అంతకు ముందు పత్రికలవారు ఒక్కో ఫొటోకు ఒక్కో బల్బు కాల్చి పారవేసేవారు. కొత్త గొట్టం వేల మెరుపులిచ్చినా చెక్కుచెదరదు.

ఇండోర్ హాలులో ఆట ఫొటో ఎంత కష్టమో 1989లో మా ఉద్యోగుల షటిల్ పోటీలకు కెమెరా పట్టుకుని వెళ్ళినప్పుడు తెలిసింది. హాలులో దీపాలు మన కంటికి చాలినా ఫిల్ముకు చాలవు. షట్టరు ఎక్కువసేపు తెరిస్తే మనిషి పొగలా సాగిపోతాడు. అప్పు తెచ్చిన ఫ్లాష్ పెట్టి తీస్తే దగ్గరివాడు సున్నం కొట్టినట్లు తెల్లగా, దూరంవాడు చీకట్లో. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోవడం వల్ల వచ్చిన తిప్పలు అవి. పైగా ఒకసారి వెలిగాక మళ్ళీ నిండడానికి ఏడెనిమిది సెకన్లు. ఆ లోపల పాయింటు అయిపోయేది. ఆటగాళ్ళు కళ్ళు జిగేలుమన్నాయని నన్ను తిట్టింది అదనం. పెద్ద స్టేడియములలో దీనికి ఉపాయం, బలమైన స్ట్రోబులను పైకప్పు కింద నాలుగు మూలలా బిగించి, అన్నీ ఒకేసారి వెలిగేలా కెమెరాకు కలపడం. వెలుగు ఎత్తు నుండి సమానంగా పడుతుంది, ఎవరి కళ్ళలోకీ సూటిగా రాదు. బ్యాడ్మింటన్‌లో మాత్రం ఆటగాళ్ళు తలెత్తి షటిల్‌ను చూస్తారు గనుక అక్కడ ఫ్లాష్‌నే వద్దంటారు.

నా 36 ఫొటోలలో ఒక్కటి మాత్రం పండింది. బ్యాటుకు జానెడు దూరంలో షటిల్ గాలిలో అలా నిలిచిపోయింది, ఈకలు లెక్కపెట్టవచ్చు. షట్టరు అరవయ్యో వంతు సెకను తెరిచి ఉండగా ఇది ఎలా సాధ్యమని స్టూడియో అబ్బాయిని అడిగితే, ఆపినది షట్టరు కాదు, ఫ్లాష్ అన్నాడు. ఆ కుతూహలంతో గ్రంథాలయంలో పాత ఆంగ్ల పత్రికలు తిరగేస్తుంటే ఎడ్జర్టన్ గారి మీద వ్యాసం దొరికింది. పాల చుక్క, ఆపిల్ అన్నీ దాటి, మొదట్లో ఆయన మోటారు నిలిచినట్లు చూసిన పేరా దగ్గర నా చేయి ఆగిపోయింది.

దానికి ముందు ఆయన కథ ముగించాలి. రెండవ ప్రపంచ యుద్ధంలో విమానాలకు భారీ స్ట్రోబులు బిగించి, రాత్రివేళ నేలను ఫొటో తీసే ఏర్పాటు చేశారు. 1944 జూన్‌లో నార్మండీ తీరంలో సేనలు దిగడానికి ముందు రాత్రులలో శత్రువు కదలికలు చూడడానికి అది అక్కరకు వచ్చింది. 1946లో పతకం ఇచ్చారు. 1947లో జెర్మెస్‌హాసెన్, గ్రియర్ అనే మిత్రులతో కలసి పెట్టిన కంపెనీ అణుబాంబు పరీక్షలకు ఫొటో పరికరాలు, పేల్చే సమయాన్ని నియంత్రించే పరికరాలు తయారుచేసింది. పేలిన తొలి క్షణంలోని అగ్నిగోళాన్ని ఆయన ప్రత్యేక కెమెరా పట్టుకుంది. ఆ ఫొటోలు చూస్తే నాకు పాలచుక్క చూసినప్పటి సంతోషం కలగదు. ఇది నా స్వంత అభిప్రాయం.

1953 నుండి ఫ్రెంచి సముద్ర పరిశోధకుడు కూస్తో గారితో కలసి లోతు నీళ్ళలో ఫొటోలు తీశారు. అక్కడి నావికులు ఆయనను ముద్దుగా ఫ్లాష్ నాన్న అని పిలిచేవారు. వెలుగు చేరని లోతులలో ధ్వనితో చూసే పరికరాన్ని తీర్చిదిద్దారు. అంతర్యుద్ధకాలంలో మునిగిన మానిటర్ అనే ఇనుప నౌక 1973లో దొరికింది ఆ పరికరం సాయంతోనే. గమనించండి మిత్రులారా, ఆయన 1968లోనే పదవీ విరమణ చేశారు! ఆ తరువాత కూడా రోజూ ప్రయోగశాలకు వచ్చేవారు. వచ్చినవారందరికీ తన ఫొటోల పోస్టుకార్డులు పంచేవారు. 1990 జనవరి 4న, ఎనభై ఆరేళ్ళ వయసులో, ఎం.ఐ.టి. అధ్యాపకుల క్లబ్బులో ఉండగానే గుండెపోటుతో కన్నుమూశారు.

ఇక ముల్లు సంగతి. 1976 వేసవిలో సెలవు మీద ఊరికి వచ్చినప్పుడు, మా రాయపోల్‌లో ఒక మోటారు రివైండింగ్ షెడ్డుకు నేనే స్వయంగా పాత బల్బు తీసివేసి ట్యూబులైటు బిగించాను. కరెంటు ఆదా అని గర్వంగా చెప్పి మరీ బిగించాను. నాలుగు రోజులకు రాత్రిపూట అక్కడ పనిచేసే పదహారేళ్ళ పిల్లవాని రెండు వేళ్ళ కొసలు పోయాయి. పిండిగిర్నీ మోటారు ఒకటి చుట్టి, లోడు లేకుండా పరీక్షకు తిప్పుతున్నారు. ప్రక్కన డీజిల్ ఇంజను హోరు. పుల్లీ దాదాపు ఆగిందనుకుని చేయి పెట్టానని వాడు ఏడుస్తూ చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. షెడ్డు యజమాని నన్ను అడిగాడు. ఫుల్ స్పీడులో ఉన్న మోటారు ఆగినట్లు ఎలా కనపడుతుంది, నిద్రమత్తులో ఉండి ఉంటాడు అని చెప్పాను. డిపార్టుమెంటు మనిషి మాటకు తిరుగేముంది? తప్పు వాడిదేనని తేల్చి, పట్టీ కట్టించి, పనిలోంచి తీసేశారు.

పదమూడేళ్ళ తరువాత గ్రంథాలయంలో కూర్చుని లెక్క వేశాను. చోకుతో నడిచే ట్యూబు సెకనుకు నూరుసార్లు మిణుకుతుంది. లోడు లేని ఆ మోటారు నిమిషానికి 1490 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక మిణుకుకు పావు చుట్టుకు వెంట్రుకవాసి తక్కువ. ఆ పుల్లీకి నాలుగు ఆకులు. ప్రతి మిణుకుకూ ఒక ఆకు స్థానంలోకి ఇంకొక ఆకు వచ్చి నిలుస్తుంది. ఆ వెంట్రుకవాసి తేడా వల్ల పుల్లీ నిమిషానికి పది చుట్లు, అదీ వెనక్కు, మెల్లగా కదిలి ఆగబోతున్నట్లు కనపడుతుంది. వాడు చూసినది చూసినట్లే చెప్పాడు.

మరుసటి ఆదివారం రాయపోల్ బస్సెక్కాను. అప్పటికి వాడు పెళ్ళయి, ఇంటి ముందరే స్వంతంగా పంపుసెట్లు బాగుచేసుకుంటున్నాడు. చీకటిపడేదాకా కూర్చుని, ట్యూబులైటు క్రింద నాలుగాకుల పుల్లీ ఒకటి తిప్పించి చూపించాను. పుల్లీ మెల్లగా వెనక్కు తిరుగుతున్నట్లు అగుపించింది. వాడు ఏమీ మాట్లాడలేదు. లోపలికి పోయి భార్యను, తల్లిని పిలుచుకు వచ్చి, వారికి కూడా చూపించమన్నాడు. ఆ తల్లి చాలాసేపు చూసింది. అప్పుడు నేను అన్న మాట తప్పని ఆమె ముందరే చెప్పాను. పనిలోంచి తీసేసిన షెడ్డు యజమాని అప్పటికే కాలం చేశాడు.

నేను తీసుకుపోయిన అరవై వాట్ల మామూలు బల్బును వాడు ఆ రాత్రే పరీక్ష బల్ల మీద వ్రేలాడదీశాడు. ఆ బల్బులో ఫిలమెంటు వేడి తగ్గేలోపే మళ్ళీ కరెంటు వస్తుంది గనుక మిణుకు అంతగా ఉండదు. నేటి ఎలక్ట్రానిక్ చోకులతో ఈ బెడద చాలావరకు పోయినా, చవక రకం ఎల్.ఇ.డి. దీపాలు కొన్ని ఇదే విధంగా మిణుకుతాయి. ఇంట్లో మిక్సీ, గ్రైండరు, చిన్న వర్క్‌షాపు ఉన్నవారు గమనించగలరు. బయలుదేరబోతుంటే, ఆ అమెరికా సారు ఫొటో ఏదైనా ఉంటే పంపమని వాడు అడిగాడు. పాలచుక్క ఫొటో జిరాక్సు తీయించి పోస్టులో పంపాను. దానికి లామినేషన్ చేయించి స్విచ్చుబోర్డు ప్రక్కన అతికించాడు.