నృత్తరత్నావళీకర్త జాయప సేనాని

దేవతార్చనలో షోడశోపచారముల పిదప ఛత్రము, చామరము, గీతము, వాద్యము, నృత్తము సమర్పించుట సంప్రదాయము. నేడు అర్చకుడు ఆ మాట పలికి అక్షతలు వేయుటతో సరిపెట్టుకొనుచున్నాడు. పూర్వము ఆ ఉపచారము రంగమంటపమున ప్రత్యక్షముగా జరిగెడిది. ఆ విద్యను గ్రంథస్థము చేసిన తెలుగు మహనీయుడు జాయప సేనాని.

దివిసీమ నేలిన అయ్యవంశమున ఆయన జన్మించినాడు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి తీరాంధ్రమును జయించి, జాయప సోదరీమణులైన నారమాంబ, పేరమాంబలను పరిణయమాడినాడు. ఓడిన వంశపు బాలుని చేరదీసి గుండామాత్యుని సన్నిధిలో నాట్యవిద్య నేర్పించినాడు. పిమ్మట గజసేనకు అధిపతిగా నియమించినాడు. తామ్రపురి యనబడు చేబ్రోలు జాయపకు లభించినది. తండ్రి పుణ్యార్థము చోడేశ్వరాలయము కట్టించిన దాత ఆయన.

1253-54లో నృత్తరత్నావళి పూర్తియైనది. ఎనిమిది అధ్యాయముల ఈ సంస్కృత గ్రంథమున మొదటి నాలుగు భరతముని నాట్యశాస్త్రము ననుసరించిన మార్గపద్ధతికి, తక్కిన నాలుగు దేశిపద్ధతికి కేటాయించినాడు. జాయప గొప్పతనమంతయు ఇక్కడనే యున్నదని నా అభిప్రాయము. 108 కరణములను ఎంత శ్రద్ధగా వివరించినాడో, జనులు ఆడుకొను కోలాటము వంటి రాసకములను, వీరరసప్రధానమైన పేరిణిని అంతే శ్రద్ధగా వివరించినాడు. కాలి గజ్జెలను వేరువేరు విధముల పలికించు ఘర్ఘరము పేరిణికి ఒక అంగము. గీతరత్నావళి, వాద్యరత్నావళి కూడ ఆయన కృతులే యందురు, అవి లభింపలేదు.

కాకతీయుల పతనానంతరము పేరిణి ఆడువారు కరవైనారు. గ్రంథము మాత్రము తాళపత్రములలో నిలిచినది. డాక్టర్ వి. రాఘవన్ పరిష్కరణతో 1965లో మద్రాసున అచ్చయినది; రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు తెనిగించినారు. డాక్టర్ నటరాజ రామకృష్ణగారు ఆ లక్షణములను రామప్ప గుడి శిల్పములతో పోల్చి పేరిణికి మరల ప్రాణము పోసి, 1985 మహాశివరాత్రినాడు ఆ స్వామి ఎదుటనే ప్రదర్శింపజేసినారు. 2011లో వారు శివైక్యము చెందినను, శిష్యపరంపర నేడును పేరిణి ఆడుచున్నది.

రామప్ప శిల్పములు జాయప గ్రంథమును చూచి చెక్కినవని కొందరందురు. అది పొసగదు. రేచర్ల రుద్రుడు ఆ ఆలయము కట్టించినది 1213లో, అనగా గ్రంథమునకు 40 ఏండ్లు ముందు. శిల్పియు, సేనానియు తమ కాలపు నర్తకులనే చూచియుందురు. 2021లో ప్రపంచ వారసత్వ స్థానము పొందిన ఆ క్షేత్రమునకు వెళ్ళు భక్తులు, రామలింగేశ్వరుని దర్శించిన పిదప రంగమంటప స్తంభములపై నున్న నర్తకులను, మద్దెలకాండ్రను, వెలుపల చూరు క్రింది మదనికలను తీరికగా చూడవలెను.