ఎండ్రె మెస్టర్

ఎండ్రె మెస్టర్ (1903 - 1984) హంగరీ దేశానికి చెందిన ప్రముఖ వైద్యుడు, పరిశోధకుడు. తక్కువ శక్తి గల లేజరు కాంతి పుండ్లను త్వరగా మాన్పుతుందని గమనించి, లేజరు చికిత్సకు ఆద్యుడుగా ప్రసిద్ధి చెందాడు. కాన్సరు వ్యాధికి చికిత్స పొందే చిన్నపిల్లల నోటిపూతకు నేడు వాడుతున్న కాంతి చికిత్సకు ఈయన పరిశోధనలే మూలం.

నేపథ్యం

1960లో అమెరికా శాస్త్రవేత్త థియోడర్ మైమన్ కెంపు స్ఫటికంతో మొట్టమొదటి లేజరును నిర్మించాడు. దాని ఎర్రని కాంతి తరంగదైర్ఘ్యం 694 నానోమీటర్లు. అనంతరం బోస్టన్ నగరంలో పాల్ మెక్‌గఫ్ ఇటువంటి కాంతితో జంతువులలోని కణితులను నాశనం చేయగలిగాడు. 1960వ దశకం మధ్యలో మెస్టర్ బుడాపెస్టు వైద్య విశ్వవిద్యాలయంలో అదే ప్రయోగాన్ని ఎలుకలపై చేయ సంకల్పించాడు. 1969లో ఈ విశ్వవిద్యాలయానికి సెమ్మెల్‌వైస్ పేరు పెట్టారు.

ఎలుకలపై ప్రయోగం

మెస్టర్ వాడిన లేజరు శక్తి చాలా తక్కువ. అందువలన కణితులు నశించలేదు. కాని కాంతి సోకిన ఎలుకలలో గొరిగిన చోట వెంట్రుకలు త్వరగా మొలిచాయి, గాయాలు త్వరగా మానాయి. లేజరు వలన కాన్సరు పుట్టునేమో పరీక్షించుటకే ఈ ప్రయోగం చేశాడని మరికొన్ని రచనలలో ఉంది. వెంట్రుకల పెరుగుదలపై పరిశోధన పత్రం 1967లో వెలువడింది. తగుమోతాదులో కాంతి కణాలను ఉత్తేజపరుస్తుందనీ, మోతాదు మించితే అదే కాంతి వాటిని అణచివేస్తుందనీ మెస్టర్ గ్రహించాడు.

మానవులకు చికిత్స

తరువాత ఈయన దీర్ఘకాలంగా మానని పుండ్లతో బాధపడే రోగులకు లేజరు చికిత్స చేశాడు. 1974లో లేజరు పరిశోధన కేంద్రాన్ని స్థాపించాడు. 1984లో మరణించాడు. కుమారులతో కలిసి వ్రాసిన సమీక్షా పత్రం మరుసటి సంవత్సరం ప్రచురితమైంది.

పిల్లల నోటిపూతకు చికిత్స

కీమోథెరపీ మందులు త్వరగా విభజన చెందే కణాలను దెబ్బతీస్తాయి. కాన్సరు కణాలతో పాటు నోటి లోపలి పొర కూడా ఈ కోవకు చెందినదే. అది పుండ్లు పడినపుడు పిల్లలు ఆహారం తినలేరు, నీరు మ్రింగలేరు. పుండ్ల గుండా క్రిములు రక్తంలో ప్రవేశించే ప్రమాదం ఉంది. ఒక్కొక్కసారి కాన్సరు చికిత్సనే వాయిదా వేయవలసి వస్తుంది.

ఎర్రని కాంతిని మైటోకాండ్రియాలోని ఒక ఎంజైము గ్రహించుట వలన కణాలలో శక్తి ఉత్పత్తి పెరిగి పొర త్వరగా కోలుకుంటుందని శాస్త్రజ్ఞుల భావన. కీమోథెరపీ వలన కలిగే నోటిపూతకు లేజరు వాడుక గురించి 1992లో ఫ్రాన్సు వైద్యులు ప్రకటించారు. మూలకణ మార్పిడి చేయించుకొనే పిల్లలకూ, తల, మెడ భాగాలలో రేడియేషన్ పొందే పిల్లలకూ ఈ చికిత్సను 2021 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచించాయి. దీనిలో కోత గాని, కాల్చుట గాని లేదు. అయితే కణాలను ఉత్తేజపరచే కాంతి కనుక కణితి ఉన్నచోట సోకకుండా జాగ్రత్త వహిస్తారు. కళ్ళకు రక్షణ అద్దాలు తప్పనిసరి.

కణితిని కాల్చుటకు చాలని మెస్టర్ లేజరు బలహీనతయే ఈ చికిత్సకు దారి చూపింది.