సర్వేపల్లి రాధాకృష్ణన్ - మనస్తత్వ శాస్త్రము

సర్వేపల్లి రాధాకృష్ణన్ మన దేశమునకు రాష్ట్రపతిగా నుండిన తత్త్వవేత్త యని విద్యార్థులందరు నెరుగుదురు. ఆయన జన్మదినమగు సెప్టెంబరు 5వ తేదీని 1962 నుండి ఉపాధ్యాయ దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. కాని ఆయన యౌవనమున మనస్తత్వ శాస్త్రముపై నొక పాఠ్యగ్రంథమును రచించెనని యెరిగినవారు కొందరే.

ఆయన 1888లో తిరుత్తణిలో నొక పేద తెలుగు కుటుంబమున జన్మించెను. ఆ పట్టణము 1960లో ఆంధ్రప్రదేశమునుండి మదరాసు రాష్ట్రమునకు మారినది. తళి బాలురవలెనే ఆయనయు ఇంట తెలుగు, వీథిలో తమిళము వినబడు చోట పెరిగెను. తిరుపతిలోను, వేలూరులోను చదివి, 1904లో మదరాసు క్రైస్తవ కళాశాలలో చేరెను. ఆ కళాశాలలోనే చదువు ముగించిన బంధువొకడు తన తత్త్వశాస్త్ర గ్రంథముల నిచ్చుటచే, ఆ శాస్త్రమే ఆయన పాఠ్యవిషయ మయ్యెను. మనస్తత్వ శాస్త్రజ్ఞులు అభిరుచి యని చెప్పునది పుట్టుకతోనే రావలెనని లేదు. పరిచయముచేతను, కృషిచేతను అది పెరుగును.

ఆ కళాశాలలో హిందూ ధర్మముపై వినవచ్చిన విమర్శలు ఆయన మనస్సును నొప్పించెను. అట్లు కలుగు కలతకు ఉద్వేగమని పేరు. ఆయన కోపముతో కాలము గడపక, తన మత గ్రంథములను శ్రద్ధగా పరిశోధించి, 1908లో వేదాంతములోని నీతిని గూర్చి వ్యాసము వ్రాసెను. ఉద్వేగమును ఒక కార్యమునకు మరల్చు నిశ్చయమునకు సంకల్పమని పేరు.

1909లో ఆయన మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఉపాధ్యాయుడయ్యెను. మరుసటి సంవత్సరము ఉపాధ్యాయ శిక్షణకై సైదాపేట కళాశాలకు పంపబడెను. అచటి మనస్తత్వ శాస్త్రాచార్యుడు ఆయన పాండిత్యమును గుర్తించి, పాఠములు వినుటనుండి మినహాయించి, తోటివారికి తానే బోధింపుమని కోరెను. ఆ ఉపన్యాసములే 1912లో ఎసెన్షియల్స్ ఆఫ్ సైకాలజీ యను గ్రంథముగా వెలువడెను. జర్మనీలోని లైప్‌జిగ్ నగరమున విల్‌హెల్మ్ వుంట్ 1879లో ప్రయోగశాలను నెలకొల్పినది మొదలు అప్పటికి 33 ఏండ్లే గడచినవి. శాస్త్రము క్రొత్తది, గ్రంథకర్తకు ఇరువదినాలుగేండ్లు.

ఉపాధ్యాయులకు ఈ శాస్త్ర మేల యని అడుగవచ్చును. ఒక ఉదాహరణము చూడుడు. మంచు కమ్మిన ఉదయమున దూరపు ధ్వని చెవిని పడుట సంవేదన. అది బడిగంట యని గుర్తించుట ప్రత్యక్షము. తెలుగు ఇంటి బాలుడు తరగతిలో క్రొత్త తమిళ పదమును స్పష్టముగా వినియు అర్థము చేసికొనలేకపోవచ్చును. సంవేదన కలిగినది, పూర్వపరిచయము లేమిచే గ్రహింపు కలుగలేదు. అది చెవి లోపము కాదు, బుద్ధి లోపమును కాదు. ఒక విషయముపై మనస్సును నిలుపుట అవధానము. గ్రహించినదానిని నిలుపుకొని మరల తెచ్చుకొనుట స్మృతి. క్రొత్త చిక్కును ఆలోచించి విప్పుకొను శక్తి బుద్ధి. ఈ మూడింటిని ఒకటిగా నెంచి, పాఠము మరచిన బిడ్డను మందబుద్ధి యని పిలుచుట తగదు. అవధానము చెదరినవానికి నిశ్శబ్దమైన చోటు, మరచినవానికి పునశ్చరణ, భాష రానివానికి ఓర్పుగల బోధ కావలెను. పేరు తప్పినచో చికిత్సయు తప్పును.

రాధాకృష్ణన్ 1918 నుండి 1921 వరకు, మన ప్రాంతమునకు దూరము కాని మైసూరులో బోధించెను. కలకత్తాకు వెడలునపుడు విద్యార్థులు ఆయన బండిని గుఱ్ఱములకు మారుగా తామే లాగి రైలు స్టేషనుకు చేర్చిరి. పిమ్మట ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడై, ఆక్స్‌ఫర్డులో ఆచార్యుడై, 1962 నుండి 1967 వరకు రాష్ట్రపతియై, 1975 ఏప్రిల్ 17న మదరాసులో దివంగతుడయ్యెను.

విద్యార్థులారా! ఒక పాఠము రానప్పుడు నాకు బుద్ధి లేదని క్రుంగిపోకుడు. కొరవడినది అవధానమో, అభ్యాసమో, భాషాపరిచయమో విచారించి చూచుకొనుడు. తల్లిదండ్రులును బిడ్డను మందలించుటకు ముందు ఈ ప్రశ్ననే వేసికొందురు గాక.