ద్వారం వారి నల్ల కళ్ళద్దాలు

ఈ సంచికకి ఎవరైనా ఒక తెలుగు ప్రముఖుడి జీవితం గురించి రాయమని మన క్లబ్ వాళ్ళు అడిగారు. నేను ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని ఎంచుకున్నాను. నాకు వయొలిన్ రాదు. రాగాలు కూడా ఒక మూడు నాలుగు తప్ప తెలీవు. అయినా ఆయన్నే ఎందుకంటే, నాకు ముఖాలు గుర్తుండవు.

కళ్ళు బాగానే కనిపిస్తాయి, ఆఖరి బెంచీ నుంచి బోర్డు చదవగలను. కానీ భవానీపురంలో మా వీధి చివర కిరాణా కొట్టు బాబాయ్, కొట్లో కూర్చుంటేనే నాకు బాబాయ్. అదే మనిషి పున్నమి ఘాట్ దగ్గర ఎదురైతే ఎవరో తెలీదు, నోరు విప్పేదాకా. గొంతు వినగానే మనిషి మొత్తం గుర్తొచ్చేస్తాడు. దీన్ని ప్రోసోపాగ్నోసియా అంటారు. 1947లో బోడామర్ అనే జర్మన్ డాక్టర్ పెట్టిన పేరు. ముఖాల్ని పోల్చుకునే పని మెదడు కింది వైపున, ఎక్కువగా కుడి భాగంలో జరుగుతుంది. అక్కడ తేడా ఉంటే కన్ను చూస్తూనే ఉంటుంది, ఎవరో మాత్రం తేలదు. పుట్టుకతో ఇది ఎంతో కొంత ఉన్నవాళ్ళు నూటికి ఇద్దరి దాకా ఉండొచ్చని ఒక అంచనా. మెదడు గురించి అన్ని పుస్తకాలు రాసిన డాక్టర్ ఆలివర్ శాక్స్‌కి కూడా ఉండేది. అద్దంలో తన ముఖాన్నే ఒక్కోసారి వేరే మనిషి అనుకునేవాడట.

నాయుడు గారిది ఇది కాదు, ముందే చెప్పేస్తున్నా. ఆయనది కంటి సమస్య, చిన్నప్పటి నుంచీ చూపు బాగా తక్కువ. కారణాలు వేరు. కానీ ముఖం మీద ఆధారపడకుండా మనుషుల మధ్య బతకాల్సి రావడం అనే విషయంలో ఆయనా నేనూ ఒకే బెంచీ అని నా ఫీలింగ్.

ఆయన 1893 నవంబర్ 8న బెంగళూరులో పుట్టారు. ఆ రోజు దీపావళి. దీపాల పండగ నాడు పుట్టినవాడికి చూపు తక్కువ కావడం మీద కవులెవరైనా ఇప్పటికే రాసేసి ఉంటారు, నేను దాని జోలికి వెళ్ళను. తండ్రి సైన్యంలో పనిచేశారు. తర్వాత కుటుంబం విశాఖపట్నం వచ్చేసింది. చదువు ఎంతో దూరం సాగలేదు. అన్నగారు వెంకటకృష్ణయ్య గారి దగ్గర వయొలిన్ నేర్చుకోవడం మొదలైంది.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. వీణకి మెట్లుంటాయి, గిటార్‌కి ఫ్రెట్లుంటాయి. వయొలిన్‌కి ఏమీ ఉండవు, నున్నటి నల్ల పలక అంతే. స్వరం ఎక్కడుందో కళ్ళు ఎంత బాగున్నా కనిపించదు. వేలు పెట్టి, విని, సరిచేసుకోవాలి. అంటే ఆ వాయిద్యం ముందు అందరూ నాయుడు గారితో సమానమే. చూపు ఉన్నవాళ్ళకి అక్కడ అదనంగా మార్కులు లేవు.

1919లో విజయనగరం మహారాజా విజయరామ గజపతిరాజు గారు సంగీత కళాశాల పెట్టారు. ఆస్థానంలో ఉన్న చాగంటి జోగారావు గారి అబ్బాయికి చూపు లేదనీ, అతను సంగీతం నేర్చుకోవడానికే ఈ కళాశాల పుట్టిందనీ చెప్తారు. దీని గురించి నేను చాలాసేపు ఆలోచించాను. ఒక్క పిల్లాడి కోసం ఒక కాలేజీ! ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. నాయుడు గారు అక్కడ విద్యార్థిగా చేరదామని వెళ్తే, ఆయన వాయించింది విని ఏకంగా అధ్యాపకుడిగా తీసుకున్నారట. చేతిలో డిగ్రీ లేదు, కంటికి చూపు లేదు, వయసు పాతిక దాటిందంతే. ఇప్పుడైతే ఆన్‌లైన్ అప్లికేషన్ మొదటి పేజీలోనే ఆగిపోయేవారు. 1936లో ఆయనే ఆ కళాశాలకి ప్రిన్సిపాల్ అయ్యారు.

అప్పట్లో కచేరీలో వయొలిన్ అంటే ప్రధానంగా పక్క వాద్యం. గాయకుడు ఎటు వెళ్తే అటు వెళ్ళాలి, అదీ ముందుగా చెప్పకుండా. ఆ పని ఆయన ఎంతోమంది పెద్ద విద్వాంసుల పక్కన చేశారు. తర్వాత వయొలిన్‌నే ముందు పెట్టి సోలో కచేరీలు చేశారు. మొదటిది 1938లో వెల్లూరులో. కమాను పొడుగ్గా, నిండుగా లాగుతారు, తొందర ఉండదు. 1952లో యెహూది మెనూహిన్ మన దేశానికి వచ్చినప్పుడు ఆయన వాదన విని మెచ్చుకున్నారు. సంగీత కళానిధి 1941లో, పద్మశ్రీ 1957లో వచ్చాయి. అవార్డుల లిస్టు ఇంకా ఉంది, అది ఎక్కడైనా దొరుకుతుంది.

దానికన్నా మన జిల్లా సంగతి చెప్పాలి. గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన ఒక కుర్రాడు సంగీతం నేర్చుకోవాలని ఇల్లు వదిలి విజయనగరం చేరాడు. తీరా చూస్తే కళాశాలకి సెలవులు. ఊళ్ళో తెలిసినవాళ్ళు లేరు. ప్రిన్సిపాల్‌గా ఉన్న నాయుడు గారు అతన్ని కళాశాల ఆవరణలోనే ఉండనిచ్చారు. ఆ కుర్రాడు ఘంటసాల. విజయవాడలో ప్రభుత్వ సంగీత కళాశాలకి ఉన్నది ఆయన పేరే. ఎదురుగా నిలబడ్డ అబ్బాయి ముఖం నాయుడు గారికి ఎంతవరకు కనిపించి ఉంటుంది? గొంతు మాత్రం వినపడే ఉంటుంది. అది ఎలాంటి గొంతో మనకి తెలుసు.

ఫొటోల్లో ఆయన నల్ల కళ్ళద్దాలతో ఉంటారు. ఒక రకంగా నాకు దానిమీద అసూయ. ఆ అద్దాలు చూడగానే ఎదుటివాళ్ళకి విషయం అర్థమవుతుంది. ఆయన పలకరించకుండా వెళ్ళిపోయినా ఎవరూ తప్పు పట్టుకోరు. నా దగ్గర అలాంటి గుర్తేమీ లేదు. క్యాంటీన్ దగ్గర రోజూ నా పక్కన కూర్చునే అమ్మాయి జడ విప్పి జుట్టు వదిలేసుకొస్తే నేను దాటి వెళ్ళిపోతాను. దానికి హాస్టల్లో పెట్టిన పేరు పొగరు. కాబట్టి ఇది చదివినవాళ్ళు నాకు ఎదురైతే ముందు పేరు చెప్పండి. లేదా ఊరికే ఏదో ఒకటి మాట్లాడండి, నేను పట్టేసుకుంటాను.

నాయుడు గారు 1964 నవంబర్ 25న మద్రాసులో పోయారు. కూతురు మంగతాయారు గారు కూడా వయొలిన్ విద్వాంసురాలే. ఆయన పాత రికార్డులు యూట్యూబ్‌లో ఉన్నాయి, గరగర ఎక్కువ, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే నయం. మా అక్క స్క్రీన్ తిప్పేసి, పేరు కనపడకుండా వేరేవాళ్ళ వయొలిన్లతో కలిపి ప్లే చేస్తుంటుంది, నన్ను పరీక్షించడానికి. ఆ కమాను ఒక్కసారి పూర్తిగా లాగేసరికి చెప్పేస్తాను, ఈయనే అని.