రక్తంలో మూడవ కణం: జూలియో బిట్సోజెరో

రక్తమనగానే పాఠశాల విద్యార్థి రెండు విధాలైన కణాలను తడుముకోకుండా చెప్పుతాడు. ఎర్రకణాలు ప్రాణవాయువును మోస్తాయి, తెల్లకణాలు రోగక్రిములతో పోరాడుతాయి. మూడవదాని మాట అడిగితే, వేలు తెగినప్పుడు నెత్తురు కారకుండా ఆపుతుందని ఒక్క ముక్కలో ముగిస్తాడు. డెంగీ జ్వరాల మూలంగా ఆ మూడవ కణం పేరు నేడు పల్లెపట్టులలో కూడ వినబడుతున్నది గాని, జనానికి తెలిసినది దాని లెక్క మాత్రమే. ఒక ఘనపు మిల్లీమీటరు రక్తంలో 1.5 లక్షలు మొదలు 4.5 లక్షల వరకు ఉండే ఈ రక్తఫలకికలు ఎర్రకణంలో మూడవ వంతు వెడల్పు గలవి. వీటికి కేంద్రకం లేదు. ఆయుర్దాయం 7 నుంచి 10 దినాలు. ఇంత అల్పమైన వస్తువు స్వతంత్రమైన కణమనీ, దానికంటూ ఒక పని ఉన్నదనీ లోకాన్ని ఒప్పించినవాడు జూలియో బిట్సోజెరో.

ఆయన 1846 మార్చి 20న ఉత్తర ఇటలీలోని వరేసే పట్టణంలో జన్మించినాడు. అప్పటికి ఆ సీమ ఇంకా ఆస్ట్రియా ఏలుబడిలో ఉన్నది. పావియా విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి, 1866లో 20 ఏండ్లకే పట్టభద్రుడైనాడు. పాఓలో మాంటెగాజా ప్రయోగశాలలో సూక్ష్మదర్శినితో ఆయనకు ఏర్పడిన చెలిమి జీవితకాలం నిలిచింది. బెర్లిన్ వెళ్లి, వ్యాధులన్నింటికి మూలం కణంలోనే వెదకాలని బోధిస్తున్న రుడాల్ఫ్ విర్కోను దర్శించి వచ్చినాడు. అప్పటి ఇటలీ వైద్యులలో పలువురు నాడి చూచి, నాలుక చూచి, పాతగ్రంథాలు తిరగవేసి తృప్తిపడేవారు. అటువంటి వారి నడుమ ఈ యువకుడు గాజుపలక మీద రక్తపుబొట్టు పెట్టుకొని గంటల తరబడి కూర్చునేవాడు.

1868లో ఆయన ఒక గొప్ప విషయాన్ని ప్రకటించినాడు. రక్తకణాలు ఎముకలలోని మూలుగలో పుడుతున్నాయని! జర్మనీలో ఎర్నెస్ట్ నాయ్‌మన్ కూడ అదే సంవత్సరం, విడిగా, అదే నిర్ణయానికి వచ్చినాడు. ఆ మూలుగలోనే బిట్సోజెరోకు వంకరటింకర కేంద్రకాలు గల పెద్ద పెద్ద కణాలు కనిపించినవి. వాటిని వర్ణించినాడు గాని, అవి ఎందుకున్నవో ఆయనకు అంతుబట్టలేదు.

పావియాలో ఆయన దగ్గర పని నేర్చినవారిలో కామిల్లో గోల్జీ ముఖ్యుడు. గోల్జీ ఆయనకంటె మూడేండ్లు పెద్ద. వయసులో చిన్నవాడైన గురువు వద్ద కూర్చోవడానికి అతడు సంకోచించలేదు. తరువాత బిట్సోజెరో మేనకోడలినే పెండ్లాడినాడు. నాడీకణాల నిర్మాణాన్ని వెలికితీసినందుకు 1906లో అతనికి నోబెల్ బహుమతి దక్కింది. గురువు అప్పటికి జీవించి లేడు.

ముప్పదియేండ్లు నిండకముందే బిట్సోజెరో టూరిన్ విశ్వవిద్యాలయంలో వ్యాధివిజ్ఞాన శాస్త్రాచార్యుడైనాడు. అక్కడ ప్రయోగశాలను నెలకొల్పినాడు, 1876లో ఒక వైద్యశాస్త్ర పత్రికను స్థాపించినాడు, రోగి పడక దగ్గర సూక్ష్మదర్శినిని ఎట్లా వినియోగించాలో తెలిపే పుస్తకం వ్రాసినాడు. అది ఇతర ఐరోపా భాషలలోకి కూడ వెళ్లింది.

ఇక రక్తఫలకికల కథ. వీటిని మొట్టమొదట చూచినవాడు బిట్సోజెరో కాడు. 1865లో జర్మనీలో మాక్స్ షుల్ట్‌జె రక్తంలో సన్నని రేణువుల గుంపులను వర్ణించినాడు. 1874లో విలియం ఆస్లర్ లండనులో వాటిని పరిశీలించి, తన వ్యాసానికి రక్తద్రవంలో కానవచ్చే జీవులు అన్న అర్థం వచ్చే పేరు పెట్టినాడు. సూక్ష్మజీవుల మాట ఐరోపా అంతటా మారుమ్రోగుతున్న రోజులవి. కనిపించిన ప్రతి నలుసూ క్రిమియేమో అన్న అనుమానం సహజమే. పారిస్‌లో జార్జ్ హాయెం అవి ఎర్రకణాల తొలిరూపాలని వాదించినాడు. చితికిన తెల్లకణాల తునకలని మరికొందరు కొట్టిపారవేసినారు. ఈ తగవు తీరకపోవడానికి కారణమొకటి ఉన్నది. రక్తం దేహం నుండి బయటికి వచ్చీరాగానే ఫలకికలు ఒకదానికొకటి అతుక్కొని, రూపం మారి, ముద్దలవుతాయి. గాజుపలక మీద చూచినవాడికి దొరికేది వాటి శవం మాత్రమే!

అందువల్ల బిట్సోజెరో రక్తాన్ని బయటికి తీయడం మానుకొని, రక్తం పారుతున్న చోటికే సూక్ష్మదర్శినిని తీసుకొనిపోయినాడు. మత్తుమందిచ్చిన గినీపంది పేగులను పట్టి ఉంచే పలుచని పొరను పరచి, అందులోని సన్నని రక్తనాళాలలోకి తొంగిచూచినాడు. ఎర్రకణాలు, తెల్లకణాలు కాక రంగులేని చిన్న బిళ్లలు విడివిడిగా, నిబ్బరంగా కొట్టుకొనిపోతున్నవి. అవి తునకలూ కావు, ముద్దలూ కావు. నాళపు గోడను ఒకచోట గాయపరచగానే ఆ బిళ్లలు అక్కడికి చేరి గోడను అంటుకొన్నవి. వాటి మీద మరికొన్ని పేరుకొని, చూస్తూ ఉండగానే తెల్లని గడ్డ ఏర్పడింది. ఈ పరిశోధనను 1881–82లో వెలువరించి, వాటికి ఇటలీ భాషలో చిన్న పలకలనే అర్థం గల పేరు పెట్టినాడు.

ఇంతటి సూక్ష్మదృష్టి గలవాడు ఒక్కచోట మాత్రం ఆగిపోయినాడు. ఫలకికలను పుట్టించే తల్లి ఏదో చెప్పలేకపోయినాడు. మూలుగలో తాను పడుచుప్రాయంలో వర్ణించిన ఆ పెద్ద కణాలే చిట్లి ఫలకికలవుతాయని 1906లో బోస్టనులో జేమ్స్ హోమర్ రైట్ చూపినాడు. తల్లినీ బిడ్డనూ చూచినవాడు ఆయనే. వారి బంధుత్వం చెప్పే భాగ్యం మాత్రం ఇంకొకరికి దక్కింది.

సూక్ష్మజీవులతోను ఆయనకు ఇటువంటి అనుభవమే కలిగింది. కుక్కల జీర్ణాశయ గ్రంథులలో, ఆమ్లం స్రవించే చోట, మెలికలు తిరిగిన బాక్టీరియా నివసిస్తున్నదని ఆయన 1893లో వ్రాసినాడు. అంతటి ఆమ్లంలో ఏ జీవి బతుకుతుందని పట్టించుకొన్నవారు అరుదు. మనుషుల జీర్ణాశయపు పుండ్లకు అటువంటి బాక్టీరియా కారణమని తేల్చిన బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది.

చివరి సంవత్సరాలలో విధి ఆయన కండ్ల మీదనే దెబ్బతీసింది. నేత్రవ్యాధి ముదిరి సూక్ష్మదర్శినిని విడిచిపెట్టవలసి వచ్చింది. చూపే జీవనాధారమైన మనిషికి ఇంతకంటె కష్టం ఏమున్నది? ఆయన మూలబడలేదు. 1890 నుండి సెనేట్ సభ్యుడై ఉన్నందున, ప్రజారోగ్యం వైపు మనసు మళ్లించి, అంటువ్యాధుల నివారణను గురించి వ్రాసినాడు, వాదించినాడు. 1901 ఏప్రిల్ 8న టూరిన్‌లో న్యుమోనియాతో మరణించినాడు.

అదే 1901లో లెవదీతి అనే రొమేనియా దేశపు శాస్త్రజ్ఞుడు కుందేళ్ల రక్తంలోకి కలరా క్రిములను ఎక్కించి, ఫలకికలు వాటి చుట్టూ గుంపుగూడడం గమనించినాడు. అంటే నెత్తురు ఆపడమొకటే వాటి వృత్తి కాదు. ఈ సూచన శాస్త్రజ్ఞుల మనసుకెక్కడానికి చాలకాలం పట్టింది. గాయమైన చోటనే రక్తం కారుతుంది, క్రిములూ చొరబడతాయి. అక్కడికి మొదట చేరేది ఫలకిక. గోడ కట్టే కూలివానికే కావలి పని కూడ ఒప్పగించడంలో ప్రకృతి పొదుపు కనిపిస్తుంది.

ఆ కావలి ఎట్లా సాగుతుందో మన కాలంలో తెలిసింది. ఫలకికల పొరమీద బాక్టీరియా గోడలోని పదార్థాలను గుర్తుపట్టే గ్రాహకాలున్నవి. లోపలి సంచులలో క్రిములను చంపే ప్రోటీనులున్నవి. 2007లో కెనడాలోని కాల్గరీ శాస్త్రజ్ఞులు మరొక వింత చూపినారు. రక్తంలో క్రిములు విజృంభించినప్పుడు ఫలకికలు తెల్లకణాలను తాకి పురికొల్పుతాయి. అంతట ఆ తెల్లకణాలు తమ కేంద్రకంలోని డి.ఎన్.ఎ. పోగులను బయటికి వలవలె విసరి బాక్టీరియాను బంధిస్తాయి. 2013లో అక్కడివారే ఎలుకల కాలేయంలో చూచినది ఇంకా ముచ్చటైనది. కాలేయంలో రక్తాన్ని వడపోసే కణాలను ఫలకికలు నిత్యం తాకి తాకి వదలిపోతుంటాయి. ఆ కణానికి ఒక బాక్టీరియా చిక్కిందంటే వదలక అక్కడే నిలిచి దాన్ని చుట్టుముడతాయి. 2017లో మ్యూనిక్ పరిశోధకులు, ఫలకికలు తమంతట తాము ప్రాకుతూ దారిలోని బాక్టీరియాను కూడదీసి మూటకడతాయని కనుగొన్నారు. వీరందరూ బిట్సోజెరో వలెనే సజీవమైన ప్రాణి రక్తనాళాలలోకి చూచినవారు.

అయితే ఈ కావలివాడు ఎల్లప్పుడూ మేలే చేస్తాడని చెప్పడానికి వీలులేదు. రక్తమంతటా క్రిములు వ్యాపించినప్పుడు ఫలకికలు నాళాలలో ఎక్కడికక్కడ గడ్డలు కట్టి అవయవాలకు నెత్తురు అందకుండా చేస్తాయి. అట్లా ఖర్చయిపోయి వాటి సంఖ్య పడిపోతుంది. ఆ సంఖ్య ఎంత తగ్గితే రోగికి ముప్పు అంత ఎక్కువని వైద్యులు ఎంచుతారు. కొన్ని బాక్టీరియాలు మరింత జిత్తులమారివి. గుండె కవాటం మీద ఫలకికలను తమకు తామే అంటించుకొని, ఆ గడ్డనే కోటగా చేసుకొని దాగుకొంటాయి. లోపలికి మందు చేరడం కష్టం. అందుకే ఆ వ్యాధికి సాధారణంగా 4 నుంచి 6 వారాల పాటు మందు నరానికి ఎక్కిస్తారు.