సతీశ్ ధావన్

1977 నవంబరు 19న కృష్ణా డెల్టా దిగువనున్న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక ప్రాంతాల్లో ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది మరణించారు. తుపాను వస్తున్నదన్న హెచ్చరిక లేకపోలేదు. అది చేరవలసిన గుడిసెలకు వేళకు చేరలేదు. పెనుగాలికి స్తంభాలు కూలితే తంతి తీగలు మూగబోతాయి. నేలమీది తీగలతో నిమిత్తం లేకుండా వార్తను పల్లెకు అందించగలిగినది ఉపగ్రహం. అటువంటి ఉపగ్రహ వ్యవస్థను దేశానికి సమకూర్చినవారిలో అగ్రగణ్యులు సతీశ్ ధావన్.

ధావన్ 1920 సెప్టెంబరు 25న శ్రీనగర్‌లో జన్మించారు. లాహోరులో గణిత, భౌతిక శాస్త్రాలను, ఆంగ్ల సాహిత్యాన్ని, మెకానికల్ ఇంజనీరింగును అభ్యసించారు. ఇటువంటి కలయిక అరుదు. అమెరికాలోని కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో 1951లో డాక్టరేటు పొంది, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చేరారు. కృష్ణా జిల్లావారైన సూరి భగవంతం నిర్వహించిన సంచాలక పదవి ఆయన తరువాత ధావన్‌ను వరించింది. 1971 డిసెంబరులో విక్రమ్ సారాభాయ్ ఆకస్మికంగా మరణించగా, మరుసటి సంవత్సరం భారత అంతరిక్ష పరిశోధన సంస్థ బాధ్యత ధావన్‌పై పడింది. విజ్ఞాన సంస్థను విడిచిపెట్టనన్న నియమంతోనే దానిని స్వీకరించి, 1984 వరకు నిర్వహించారు.

నాటి నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోట నుండి 1979 ఆగస్టు 10న ప్రయోగించిన ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు సముద్రంలో కూలింది. ఆ ప్రాజెక్టు సంచాలకులు అబ్దుల్ కలాం. అయినా పత్రికలవారికి జవాబు చెప్పే భారాన్ని ధావన్ తానే వహించారు. 1980 జూలై 18న అదే తరహా రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో చేర్చినప్పుడు మాత్రం కలాంనే పత్రికలవారి ముందుకు పంపారు.

దివిసీమకు కావలసినది వేరొక జాతి ఉపగ్రహం. రోహిణి వంటివి భూమికి దగ్గరగా తిరుగుతూ కొద్ది నిమిషాల్లో ఒక ప్రాంతాన్ని దాటిపోతాయి. భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున తిరిగేది భూమితో సమానంగా రోజుకొక చుట్టు చుట్టుతుంది గనుక, మనకు ఒకేచోట నిలిచినట్లుంటుంది. ఇన్సాట్ ఉపగ్రహాలు ఈ కోవకు చెందినవి. టెలిఫోను, టెలివిజన్, వాతావరణ పరిశీలన అనే మూడు పనులను ఒకే ఉపగ్రహానికి అప్పగించడం ఆనాటికి సాహసమే.

1982 ఏప్రిల్ 10న బయలుదేరిన ఇన్సాట్-1ఎ ఐదు నెలలకే నిరుపయోగమైంది. ఉపగ్రహపు యాంటెన్నా ఎల్లవేళలా భూమివైపు తిరిగి ఉండాలి. ఆ దిశను సరిదిద్దే ఇంధనం హరించుకుపోవడంతో దానికీ మనకూ మాట తెగిపోయింది. ధావన్ వెనుదీయలేదు. 1983 ఆగస్టు 30న అమెరికా స్పేస్ షటిల్ ఛాలెంజర్ మోసుకుపోయిన ఇన్సాట్-1బి ఆ అక్టోబరు నుండి పనిచేయసాగింది.

అందులోని రేడియోమీటరు మేఘాలనుండి వచ్చే వెలుతురును, రాత్రివేళ పరారుణ కిరణాలను గ్రహించి, సంకేతాలుగా మార్చి పంపేది. ఢిల్లీ కేంద్రంలో అవి మేఘచిత్రాలయ్యేవి. తుపాను ఎటు కదులుతున్నదో వాటివల్ల తెలిసేది. తరువాతి సంవత్సరాల్లో హెచ్చరికలు కూడా ఇన్సాట్ ద్వారానే తీరానికి రాసాగాయి. భూకేంద్రం నుండి వెళ్లిన సంకేతం ఉపగ్రహంలోని ట్రాన్స్‌పాండరులో బలం పుంజుకొని, వేరొక పౌనఃపున్యంలో కిందికి దిగేది. ఏ ప్రాంతానికి ఉద్దేశించారో అక్కడి గ్రాహకయంత్రమే మేలుకొని, ముందు సైరను మోగించి, పిమ్మట తెలుగులో వార్త వినిపించేది. రానుపోను 72,000 కిలోమీటర్ల ఆ ప్రయాణానికి పట్టే కాలం పావు సెకను!

1990 మే 9న కృష్ణా ముఖద్వారం సమీపంలో మరొక తీవ్ర తుపాను తీరం దాటింది. ఈసారి లక్షలాది జనాన్ని ముందుగానే తరలించారు. అయినా వెయ్యికి కొంచెం తక్కువగా ప్రాణాలు పోయాయి. ఉపగ్రహమొక్కటే రక్షించిందనలేము, తీరంలోని రాడార్లు, ఇంటింటికీ తిరిగిన సిబ్బంది కూడా ఇందులో భాగస్వాములే.

ధావన్ 2002 జనవరి 3న బెంగుళూరులో కన్నుమూశారు. ఆ సంవత్సరం సెప్టెంబరు 5న శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. ఆ దీవిని ఆనుకొని పులికాట్ సరస్సు ఉన్నది. ఏటా శీతకాలంలో అక్కడికి రాజహంసలు వలస వస్తాయి. రాకెట్లను నడిపిన ఈ విజ్ఞాని పక్షులు ఎగిరే తీరును గురించి కూడా ఒక గ్రంథం రచించారు.