మార్లవాయి బడికి పెద్ద – హైమన్‌డార్ఫ్



చదువుల కోసం సికింద్రాబాద్ వచ్చి హాస్టళ్లలో, అద్దె గదుల్లో ఉంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ! పండగకు భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఆసిఫాబాద్ రోడ్‌లో దిగినప్పుడు, వీలు చూసుకుని జైనూరు మండలంలోని మార్లవాయికి కూడా వెళ్లి రండి. అక్కడ రెండు సమాధులు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి ప్రొఫెసర్ క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ది, ఇంకొకటి ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌ది. ఏటా జనవరి 11న, బెట్టీ వర్ధంతి రోజున, మనవాళ్లు అక్కడ చేరి ఇద్దరికీ నివాళులర్పిస్తారు. భూమి పట్టాల విషయంలోనూ నాగోబా దర్బారు విషయంలోనూ ఆయన్ని తలుచుకోవడం మనకు అలవాటే. ఈ సంచికలో మేము ఆయన నిలబెట్టిన బడి గురించి చెప్పదలిచాం. బడి నడిపే పెద్ద ఎలాంటివాడో, బడి కూడా అలాగే ఉంటుందని ఆ కథ మనకు చూపిస్తుంది.

హైమన్‌డార్ఫ్ 1909లో ఆస్ట్రియా దేశపు వియన్నాలో పుట్టారు. అక్కడి విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదివి, తర్వాత లండన్‌లో మలినోవ్‌స్కీ దగ్గర శిక్షణ పొందారు. 1936లో నాగా కొండలకు వచ్చి కోన్యక్ నాగాల మధ్య ఉండి పరిశోధన చేశారు. 1938లో బెట్టీని పెళ్లాడారు. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు కాబట్టి బ్రిటిష్ వారి లెక్కలో ఆయన శత్రు దేశస్థుడు. అయినా హైదరాబాద్ సంస్థానంలో ఉండి పని చేసుకునే వీలు దొరికింది. అలా మొదట నల్లమల చెంచుల దగ్గరికి, తర్వాత గోదావరి ఒడ్డు కొండరెడ్ల దగ్గరికి వెళ్లారు.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాడు. తుపాకులతో అణచివేశాక గానీ గోండుల బాధేమిటో తెలుసుకోవాలని నిజాం సర్కారుకు తోచలేదు. ఆ పని హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన దంపతులిద్దరూ మార్లవాయిలో గడ్డి ఇంట్లో కాపురం పెట్టారు. ఆయన గోండీ నేర్చుకున్నారు. భూములు ఎలా పోతున్నాయో, అప్పులు, అటవీ ఆంక్షలు జనాన్ని ఎలా నలిపేస్తున్నాయో చూసి సర్కారుకు నివేదికలు రాశారు. కాగితం చదవలేని మనిషికి పట్టా ఇచ్చినా అది నిలవదని ఆయనకు అర్థమైంది. బడి ఆలోచన అక్కడే పుట్టింది.

1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. ఆయన పేరుకు హెడ్‌మాస్టర్ కాకపోయినా, ఆ బడి తీరును నిర్ణయించింది ఆయనే. మొదట తేల్చుకోవాల్సింది పంతుళ్ల సంగతి. పట్నం నుంచి పంతుళ్లను పంపితే పని సులువుగా అయిపోయేది. ఆయన ఆ దారిన పోలేదు. అప్పటికి చదువొచ్చిన గోండులు చాలా తక్కువ. మరాఠీ కాస్త చదవడం, రాయడం వచ్చిన వాళ్లను వెతికి పట్టుకుని, వాళ్లనే పంతుళ్లుగా తీర్చిదిద్దే పని పెట్టుకున్నారు. రెండోది భాష. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారు చేయించారు. వాటిలో మన కథలే పాఠాలు. పిల్లవాడు మొదట తన మాటను అక్షరాల్లో చూసుకున్నాక మిగతా భాషల్లోకి వెళ్లేవాడు. ఇక మూడోది, బడికీ ఊరికీ ఉన్న సంబంధం. మార్లవాయిలో తయారైంది పంతుళ్లు మాత్రమే కాదు, పట్వారీ పనికి, అటవీ శాఖ కొలువులకు పనికొచ్చే మనవాళ్లు కూడా. నిన్నటిదాకా ఏ కాగితం చూసి భయపడ్డామో, ఆ కాగితాన్ని రాసే చేయి మనదైంది.

ఇది ఒక్కరి వల్ల అయిన పని కాదు. గోండీ నేర్చుకుని ఆ భాషకు వ్యాకరణం రాసిన అధికారి సేతుమాధవరావు పగిడి వంటివారు ఆ రోజుల్లో తోడుగా నిలిచారు. తగిన మనిషిని గుర్తించి బాధ్యత అప్పగించడం కూడా పెద్దరికంలో భాగమే.

1945 నుంచి హైమన్‌డార్ఫ్ నిజాం సర్కారుకు గిరిజన వ్యవహారాల సలహాదారుగా ఉన్నారు, ఉస్మానియాలోనూ బోధించారు. ఆ కాలంలో ఆదిలాబాద్ జిల్లాలో సుమారు 1,60,000 ఎకరాలు గిరిజన కుటుంబాల పేర పట్టా అయ్యాయి. తర్వాత ఆయన లండన్ వెళ్లిపోయి అక్కడ ఆచార్యుడిగా పనిచేశారు. ఇక్కడ 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక బడి భాష తెలుగైంది. గోండీ వాచకాలు మూలనపడ్డాయి. గోండీ రాని పంతుళ్లు వచ్చారు. 1970ల చివర్లో తిరిగి వచ్చి చూసిన ఆయనకు, చేజారిన భూములతో పాటు, పిల్లల మాట వినిపించని బడులు కనిపించాయి. ఆ ఆవేదనంతా 1982లో వెలువడిన ఆయన పుస్తకంలో ఉంది. బెట్టీ 1987లో, ఆయన 1995లో కన్నుమూశారు.

మేము ఆయన్ని దేవుణ్ణి చేయదలచుకోలేదు. ఆయన చేతిలో ఉన్న అధికారం, భీంను చంపిన సర్కారు ఇచ్చిందే. ఆయన కుర్చీ దిగగానే ఆ కుర్చీ అండతో నడిచినవి చాలావరకు ఆగిపోయాయి. అయితే ఆ బడిలో అక్షరం నేర్చిన మనుషులు మాత్రం ఊళ్లలోనే ఉండిపోయారు. వాళ్ల ఇళ్లలో చదువు ఆగలేదు. మనం పట్టుకోవాల్సింది ఇక్కడే. ఆదేశాలతో నడిపిన పని ఆదేశం మారగానే మారిపోతుంది. మనుషుల్ని తయారు చేసిన పని మాత్రం మిగులుతుంది.

మీలో బీఈడీ చదువుతున్నవాళ్లు ఉన్నారు, డీఎస్సీకి సిద్ధమవుతున్నవాళ్లు ఉన్నారు. రేపు మీరే ఏదో ఒక ఆశ్రమ పాఠశాలకు హెచ్‌ఎం కావచ్చు, వార్డెన్ కావచ్చు. హాజరు పట్టీ, బియ్యం లెక్కలు, తనిఖీలు ఎలాగూ తప్పవు. వాటి మధ్యనే, ఒకటో తరగతిలో బిక్కుబిక్కుమంటూ కూర్చున్న పిల్లతో గోండీలోనో కొలామీలోనో ఒక్క మాట మాట్లాడండి. ఆమె తల్లిదండ్రులు వస్తే వరండాలో నిలబెట్టకుండా కుర్చీ వేయండి. మీ తర్వాత ఆ కుర్చీలో కూర్చోగల మనిషిని మీరున్నప్పుడే తయారు చేయండి.

మార్లవాయి బడికి మనం బాకీ ఉన్నాం. ఆ బాకీ మీ చేతుల మీదుగా తీరాలని మా కోరిక.

జోహార్ హైమన్‌డార్ఫ్, జోహార్ బెట్టీ ఎలిజబెత్.